కాపలా చిప్పు కునుకు తీస్తే...

రాత్రి పడుకోబోయే ముందు చూస్తే ఫోన్‌ ఛార్జింగ్‌ నూరు శాతం. పొద్దున్నే లేచి చూస్తే తొంభై ఆరు. మధ్యలో మీరు ముట్టుకోలేదు, ఒక్క కాల్‌ రాలేదు. మరి ఆ నాలుగు శాతం ఎక్కడికి పోయింది?

మామూలుగా ఏదో ఒక యాప్‌ని తిట్టుకుని ఊరుకుంటాం. ఒకసారి లెక్క వేద్దాం. బ్యాటరీ 5000 మిల్లీఆంపియర్‌ అవర్‌ అనుకుంటే నాలుగు శాతమంటే 200. ఎనిమిది గంటలకి పంచితే సగటున 25 మిల్లీఆంపియర్ల కరెంటు రాత్రంతా పారుతూనే ఉందన్నమాట. అందులో పెద్ద వాటా టవర్‌తో మాట్లాడుతూ ఉండే మోడెమ్‌ది, మెసేజ్‌ వచ్చినప్పుడల్లా లేచి కూర్చునే ప్రాసెసర్‌ది. ఆ తర్వాత ఎవరూ పేరెత్తని ఇంకో వాటాదారు ఉంది. ఈ చిప్పులన్నిటికీ సరిపడా వోల్టేజీ అందించే చిప్పు. పవర్‌ మేనేజ్‌మెంట్‌ ఐసీ అంటారు. మా ఆఫీసులో ముద్దుగా ‘పీమిక్‌’ అంటాం. అందరూ పడుకున్నా ఇది పూర్తిగా పడుకోవడానికి లేదు. ఎందుకంటే పడుకున్నవాళ్లని లేపాల్సింది, లేచాక వాళ్లకి అన్నం పెట్టాల్సింది ఇదే.

నేను సాఫ్ట్‌వేర్‌ ఇంజినీర్ని. ఈ మాట అనగానే పెళ్లిచూపుల్లో కూడా ‘ఏ కంపెనీ, జావానా, ఆన్‌సైట్‌ ఉందా’ అని అడుగుతారు. నాది కొంచెం వేరే బాపతు. బ్యాటరీ మీద నడిచే చిన్న చిన్న పరికరాల లోపల ఉండే ప్రోగ్రాము రాస్తాను. నా ఉద్యోగంలో సగం పని ఆ పరికరాన్ని నిద్రపుచ్చడం. మిగతా సగం సరిగ్గా లేపడం. రెండోదే కష్టం. ఎంత కష్టమో, దానివల్ల ఎవరి కొంప మునుగుతుందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

లస్కరు జీతం

మాది గోదావరి డెల్టా. కాలువల మీద లాకులూ తూములూ, వాటిని చూసుకునే లస్కర్లూ తెలిసినవాళ్లకి వోల్టేజీ రెగ్యులేటర్‌ అర్థం కావడం చాలా తేలిక.

పైన పెద్ద కాలువ. అందులో నీటిమట్టం ఒక్కలాగా ఉండదు. కింద పంటబోదె. అందులో మట్టం ఎప్పుడూ ఒకే గీత దగ్గర ఉండాలి. ఎక్కువైతే గట్టు తెగుతుంది, తక్కువైతే చేను ఎండుతుంది. లస్కరు గీత వంక చూస్తూ, తూము తలుపు కాస్త ఎత్తుతూ కాస్త దించుతూ ఉంటాడు. రెగ్యులేటర్‌ చేసేది అచ్చంగా ఇదే. లిథియం బ్యాటరీ నిండుగా ఉంటే 4.2 వోల్టులు, వాడుతున్నకొద్దీ 3.4 దాకా దిగుతుంది. లోపలి చిప్పులకి మాత్రం కచ్చితంగా 3.3, లేదా 1.8 కావాలి. మధ్యలో కూర్చుని గీత చూసుకునేది రెగ్యులేటర్‌.

ఇందులో రెండు జాతులు. ఒకటి ఎల్‌డీవో. తూము తలుపు సగం దించి ఒత్తిడి తగ్గించే పద్ధతి. శుభ్రంగా, నిశ్శబ్దంగా పనిచేస్తుంది. తేడా వోల్టేజీ అంతా వేడి రూపంలో పోతుంది. 3.7 నుంచి 1.8 కి దించితే బ్యాటరీ నుంచి తీసుకున్నదాంట్లో సగం కూడా చిప్పుకి చేరదు. రెండోది బక్‌ కన్వర్టర్‌. ఇది స్విచ్చుని సెకనుకి లక్షల సార్లు వేసి తీసి, మధ్యలో కాయిల్‌తో ఆ కుదుపుల్ని నున్నగా చేస్తుంది. పొదుపు ఎక్కువ, గోల ఎక్కువ. ఫోన్‌లో రెండు రకాలూ కలిపి డజన్లకొద్దీ ఉంటాయి.

కాలువలో నీళ్లు పారినా పారకపోయినా లస్కరుకి జీతం ఇవ్వాలి కదా. రెగ్యులేటర్‌ కూడా అంతే. గీత వంక చూస్తూ ఉండటానికే దానికి కొంత కరెంటు కావాలి. దీన్ని క్వైసెంట్‌ కరెంట్‌ అంటారు. నేను మాత్రం జీతమనే అంటాను.

ఇంజినీరింగ్‌లో ఈసీఈ చదివినవాళ్లందరికీ 7805 గుర్తుండే ఉంటుంది. మూడు కాళ్లు, వెనక రేకు. ల్యాబులో దాన్ని ముట్టుకుని వేలు కాల్చుకోనివాళ్లు తక్కువ. దాని జీతం దాదాపు 5 మిల్లీఆంపియర్లు. వినడానికి చిన్న సంఖ్యే. ల్యాప్‌టాప్‌ బ్యాటరీల్లో ఉండే రకం 2600 మిల్లీఆంపియర్‌ అవర్‌ సెల్‌ని దానికి తగిలించి, అవతల ఏమీ కలపకుండా వదిలేసినా 520 గంటల్లో అయిపోతుంది. ఇరవై రెండు రోజులు కూడా నిండవు. ఎవరికీ ఒక్క చుక్క నీరు ఇవ్వకుండానే జీతం కిందే ఖర్చయిపోయింది! ఇప్పుడొచ్చే వాటి జీతం నమ్మలేనంత తక్కువ. టెక్సస్‌ ఇన్‌స్ట్రుమెంట్స్‌ వాళ్ల టీపీఎస్‌7ఏ02 అనే ఎల్‌డీవోకి 25 నానోఆంపియర్లు. 7805 తినేదాంట్లో రెండు లక్షల వంతు.

అంత తక్కువ జీతానికి ఎవరైనా పూర్తి పని చేస్తారా? చిక్కంతా ఇక్కడే ఉంది.

సగం కన్ను

పీమిక్‌లో ఉండే చాలా రెగ్యులేటర్లకి రెండు మోడ్‌లుంటాయి. నార్మల్‌ ఒకటి, లో-పవర్‌ ఒకటి. నార్మల్‌లో లస్కరు గట్టు మీద నిలబడి ఉంటాడు. లో-పవర్‌లో మంచం వేసుకుని సగం కన్ను మూస్తాడు. జీతం పదో వంతుకో వందో వంతుకో పడిపోతుంది.

ఆ కరెంటు తగ్గించడం ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి. రెగ్యులేటర్‌ లోపల అవుట్‌పుట్‌ వోల్టేజీని ఒక స్థిరమైన వోల్టేజీతో పోల్చి చూసే యాంప్లిఫయర్‌ ఉంటుంది. తేడా కనిపిస్తే అది పెద్ద ట్రాన్సిస్టర్‌ గేటుని నెట్టాలి. ఆ గేటు ఒక కెపాసిటర్‌ లాంటిది. దాన్ని త్వరగా నెట్టాలంటే కరెంటు కావాలి. లో-పవర్‌ మోడ్‌లో మనం కోత పెట్టేది సరిగ్గా ఆ యాంప్లిఫయర్‌ కరెంటుకే. అంటే అది చూస్తుంది గానీ ఆలస్యంగా చూస్తుంది, చూశాక ఆలస్యంగా నెడుతుంది. పైగా ఆ మోడ్‌లో ఇవ్వగలిగే కరెంటుకి కూడా పరిమితి ఉంటుంది. నార్మల్‌లో 200 మిల్లీఆంపియర్లు ఇవ్వగలిగింది ఇక్కడ ఐదో పదో ఇస్తానంటుంది. కొన్నిటిలో వోల్టేజీ కచ్చితత్వం కూడా కాస్త సడలుతుంది.

నిద్రపోతున్న చిప్పుకి ఇవేవీ అక్కర్లేదు. అది మైక్రోఆంపియర్లలో తాగుతుంది, నిలకడగా తాగుతుంది. కాబట్టి ఆ జోడీ బాగానే ఉంటుంది. గొడవంతా లేచే క్షణంలో. నిద్రపోతున్న చిప్పు ఒక్కసారిగా లేచి ‘వంద మిల్లీఆంపియర్లు ఇవ్వు’ అంటుంది. లస్కరు ఇంకా మంచం దిగలేదు. అతను తూము దగ్గరికి చేరేలోగా నీళ్లెవరు ఇస్తారు? రెగ్యులేటర్‌ పక్కన పెట్టిన చిన్న కెపాసిటర్‌ ఇస్తుంది. అది చేను పక్కన చిన్న గుంట లాంటిది. ఉన్నంతసేపు ఇస్తుంది. మట్టం దిగిపోతూ ఉంటుంది.

భీమవరం పక్కన ఒక చెరువు

ఇప్పుడు అసలు సంగతి. నేను పనిచేసే చోట (పేరు వద్దులెండి) రొయ్యల చెరువులకి ఒక పరికరం చేస్తాం. నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ ఎంతుందో కొలిచి రేడియోలో గట్టు మీద షెడ్డుకి పంపే డబ్బా. ఆక్వా రైతులు ఈ ఆక్సిజన్‌ని డీవో అంటారు.

వనామీ రొయ్య పెంచేవాళ్లకి తెల్లవారుజాము అంటే భయం. పగలు నీటిలోని ప్లవకాలు, నాచు ఎండకి ఆక్సిజన్‌ వదులుతాయి. రాత్రి అవి కూడా రొయ్యలతోపాటు దాన్నే పీల్చుకుంటాయి. సూర్యుడు వచ్చే ముందు డీవో అన్నిటికన్నా తక్కువకి వస్తుంది. లీటరుకి నాలుగైదు మిల్లీగ్రాములు ఉంటే నిశ్చింత. మూడు కన్నా దిగితే ఏరియేటర్లు తిప్పాల్సిందే. అప్పటికే తిరుగుతూ ఉంటే ఏదో ఒకటి ఆగిపోయిందని అర్థం, పరిగెత్తాల్సిందే. గంటా రెండు గంటలు ఆలస్యమైతే రొయ్య పైకి తేలుతుంది. మూడు నెలల పెట్టుబడి, మేత, కరెంటు బిల్లు, అప్పు అన్నీ దాంతోపాటే తేలతాయి.

మా డబ్బా పది నిమిషాలకోసారి లేచి, నాలుగు సెకన్లు పనిచేసి పడుకుంటుంది. మేలుకున్నప్పుడు సగటున 30 మిల్లీఆంపియర్లు. పది నిమిషాలకి సర్దితే 0.2 మిల్లీఆంపియర్‌. నిద్రలో అంతా కలిపి 0.02. మొత్తం 0.22. ఇందాక చెప్పిన 2600 సెల్‌తో కాగితం మీద 490 రోజులు, పదహారు నెలలు. అదే రెగ్యులేటర్లని ఎప్పుడూ నార్మల్‌ మోడ్‌లోనే వదిలేస్తే? మా బోర్డు మీద మూడున్నాయి, ఒక్కోదాని జీతం 100 మైక్రోఆంపియర్లు. సగటు 0.52కి పెరుగుతుంది. 208 రోజుల్లో బ్యాటరీ అయిపోతుంది. అంటే డబ్బా ఏమీ చెయ్యకుండా ఉన్నప్పటి జీతాలే, పని చేసినప్పటి ఖర్చు కన్నా ఎక్కువ. అందుకే నిద్రలో లో-పవర్‌ మోడ్‌ తప్పనిసరి. ఇందులో ఎవరికీ పేచీ లేదు.

మామూలు రీడింగ్‌ని డబ్బా తక్కువ శక్తితో పంపుతుంది. 45 మిల్లీఆంపియర్లు చాలు. ఒకసారి అందకపోయినా పది నిమిషాల్లో ఇంకోటి వస్తుంది కదా. డీవో గీత దాటి పడిపోతే మాత్రం నిద్రలోంచి వెంటనే లేచి, రేడియో పూర్తి శక్తితో, ఎర్ర లైటు వెలిగించి మరీ అరుస్తుంది. అప్పుడు 120 మిల్లీఆంపియర్లు.

ఒక చలికాలంలో మూడు చెరువుల నుంచి ఒకే ఫిర్యాదు వచ్చింది. డబ్బా నెలల తరబడి చక్కగా రీడింగులు పంపుతోంది. డీవో పడిపోయిన రాత్రి మాత్రం అలారం రాదు. రెండు చెరువుల్లో కాపలా మనిషి కళ్లారా చూసి ఏరియేటర్లు వేశాడు. మూడోదానిలో డబ్బా ఉందన్న ధీమాతో ఆ రాత్రి ఎవరూ లేరు. సగం పంట పోయింది. ఫోన్‌లో ఆ రైతు గట్టిగా కూడా అరవలేదు. ‘‘అన్ని రోజులూ బానే చెప్పిందండి బాబూ. చెప్పాల్సిన రోజు చెప్పలేదండి’’ అన్నాడు. ‘‘పొరపాటెక్కడుందో చూస్తామండీ’’ అన్నాను. ఇంకేమనగలం?

డబ్బాలు వెనక్కి తెప్పించాం. ల్యాబులో టేబుల్‌ మీద పెట్టి, గ్లాసులో ఆక్సిజన్‌ తీసేసిన నీళ్లు పోసి ప్రోబ్‌ ముంచితే అలారం టంచనుగా మోగింది. పదిసార్లు ముంచితే పదిసార్లు మోగింది. రెండ్రోజులు ఇదే తంతు. మా మేనేజరు ‘రైతులే సరిగ్గా పెట్టలేదేమో’ అనే దాకా వెళ్లాడు. ఈ మాట మా రంగంలో చాలా తొందరగా వస్తుంది.

మూడోరోజు హార్డ్‌వేర్‌ టీమ్‌లో సీనియర్‌ మేడమ్‌ వచ్చి టేబుల్‌ వంక చూసి, ‘‘ముందు ఆ వైరు పీకు’’ అన్నారు. ప్రోగ్రాము లోపల ఏం జరుగుతోందో చూడటానికి డబ్బాకి డీబగ్గర్‌ తగిలించి ఉంది. అది తగిలించి ఉన్నంతసేపూ చిప్పు గాఢనిద్రలోకి పోదు. నిద్ర పోకపోతే రెగ్యులేటర్‌ కూడా లో-పవర్‌లోకి పోదు. అంటే ల్యాబులో ఎన్నిసార్లు పరీక్ష చేసినా లస్కరు గట్టు మీదే నిలబడి ఉన్నాడు. వైరు పీకి, బ్యాటరీ మీద వదిలి, నిజంగా నిద్రపోనిచ్చి ప్రోబ్‌ ముంచాం. ఎర్ర లైటు రెప్పపాటు మినుకుమంది. ఆరిపోయింది. అలారం లేదు.

ఇలాంటిది మల్టీమీటర్‌కి చిక్కదు. అది తీరిగ్గా సగటు చూపించే మనిషి. ఆసిల్లోస్కోప్‌ తగిలించి, 3.3 వోల్టుల లైను 3 కన్నా కిందకి జారితే పట్టుకోమని పెట్టాం. పట్టుకుంది. లైను నిటారుగా 2.5 దాకా పడి, మళ్లీ లేచింది. మొత్తం వ్యవహారం సెకనులో ఇరవై వేల వంతు.

వోల్టేజీ 2.7 కన్నా తగ్గితే తప్పుడు లెక్కలు చెయ్యకుండా తనంతట తానే రీసెట్‌ అయిపోయే ఏర్పాటు మా మైక్రోకంట్రోలర్‌లో ఉంది. మంచి ఏర్పాటే. కానీ రీసెట్‌ అయితే అలారం సంగతి మర్చిపోతుంది. కొత్తగా పుట్టినట్టు మొదటి రీడింగ్‌ తీసుకుని, పోల్చడానికి పాతది లేదు కాబట్టి తక్కువ శక్తితో మామూలు రిపోర్టు పంపి పడుకుంటుంది. మళ్లీ లేస్తుంది, పడిపోయిన డీవో చూసి అలారం ఇవ్వబోతుంది, మళ్లీ పడిపోతుంది. తెల్లవారేదాకా అదే.

ఇది ఎందుకు జరిగిందో చెప్పే లెక్క ఎనిమిదో తరగతి పిల్లలకి కూడా అందుతుంది. గుంటలోంచి లాగే కరెంటుని, లస్కరు వచ్చేదాకా పట్టిన సమయంతో గుణించి, గుంట సైజుతో భాగించాలి. 120 మిల్లీఆంపియర్లు, 40 మైక్రోసెకన్లు. కెపాసిటర్‌ మీద రాసింది 10 మైక్రోఫారడ్‌లు. కానీ చిన్న సైజు సిరామిక్‌ కెపాసిటర్‌కి వోల్టేజీ పెట్టగానే దాని సామర్థ్యం కుంచించుకుపోతుంది. మాది 3.3 వోల్టుల దగ్గర 6 మాత్రమే. జవాబు 0.8 వోల్టులు. 3.3లోంచి తీస్తే 2.5. స్కోపు చూపించిందీ అదే. మామూలు రిపోర్టుకి 45 మిల్లీఆంపియర్లు పెట్టి చూడండి. 0.3 వోల్టులే దిగుతుంది. 3.0 దగ్గర ఆగుతుంది. అందుకే నెలల తరబడి అంతా బాగున్నట్టే కనిపించింది.

మరి మొదట్లో చేసిన డబ్బాల్లో ఈ జబ్బు ఎందుకు లేదు? పాత కాగితాలు తిరగేస్తే దొరికింది. 2021లో ప్రపంచమంతా చిప్పుల కరువు. మొదట వాడిన పీమిక్‌ దొరకలేదు. కాళ్ల అమరిక అదే, వోల్టేజీలు అవే, జీతం ఇంకా తక్కువ అని ఇంకో కంపెనీ చిప్పు కొన్నారు. నేను చేరేసరికే అది బోర్డు మీద ఉంది. పాతది నిద్రలోంచి 20 మైక్రోసెకన్లలో తేరుకునేది. అప్పుడు మట్టం 2.9 దాకానే దిగేది, రీసెట్‌ అయ్యేది కాదు. కొత్తదానికి 40. ఇరవై మైక్రోసెకన్ల తేడా. రెప్పపాటులో అయిదువేలో వంతు కూడా కాదు.

మందు చాలా చవక. రేడియో ఆన్‌ చెయ్యకముందే పీమిక్‌కి ‘నార్మల్‌కి రా’ అని ఒక ఆజ్ఞ పంపాలి. వంద మైక్రోసెకన్లు ఆగాలి. అప్పుడు రేడియో. పని అయ్యాక మళ్లీ లో-పవర్‌. మొత్తం నాలుగు లైన్ల కోడు. బ్యాటరీ ఆయుష్షు మీద దాని ప్రభావం లెక్కలోకి కూడా రాదు. దాంతోపాటు కెపాసిటర్‌ పెద్దది వేశాం. పంట నష్టపోయిన రైతుకి కంపెనీ కొంత ఇచ్చింది. ఆయన పెట్టిన పెట్టుబడికి అది ఏ మూలకీ రాదు.

మొదటి పేజీ, నలభయ్యో పేజీ

ఆ తర్వాత ఆఫీసులో జరిగిన పంచాయితీ ఊళ్లో నీటి తగాదా కన్నా ఏమీ తక్కువ కాదు. కొనుగోలు వాళ్లు ‘కాళ్లు సరిపోయాయి’ అన్నారు. హార్డ్‌వేర్‌ వాళ్లు ‘మోడ్‌ మార్చే పని సాఫ్ట్‌వేర్‌ది’ అన్నారు. సాఫ్ట్‌వేర్‌ వాళ్లు ‘మాకు చిప్పు మారిన సంగతే చెప్పలేదు’ అన్నారు. ముగ్గురూ చెప్పింది నిజమే. నా కోపం మాత్రం డేటాషీట్‌ మీద. ఆ చిప్పు డేటాషీట్‌ మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో జీతం ఎంత తక్కువో ఉంటుంది. లో-పవర్‌ నుంచి నార్మల్‌కి రావడానికి పట్టే సమయం నలభై పేజీల తర్వాత ఒక పట్టికలో ఉంది. అది కూడా ‘టిపికల్‌’ అనే గడిలో మాత్రమే. పక్కన ‘మాక్సిమం’ గడి ఖాళీ. టిపికల్‌ అంటే సాధారణంగా ఇంత అని. పెళ్లిళ్ల పేరయ్య ‘సాధారణంగా మంచివాళ్లేనండి’ అన్నట్టు. ఖాళీ గడి చూస్తే ఇప్పుడు నాకు ఒళ్లు జలదరిస్తుంది. జీతం తక్కువని చెప్పి అమ్మేవాళ్లు, తేరుకునే సమయం ఎంత మించదో కూడా అదే పేజీలో అదే సైజు అక్షరాల్లో వెయ్యాలి. అలా వేసేవాళ్లు లేకపోలేదు. వాళ్ల చిప్పు రెండు రూపాయలు ఎక్కువైనా నేను దానికే ఓటేస్తాను.

మీ ఫోన్‌లో ఈ సమస్య రాదా అంటే, రాకుండా చూడటానికి పెద్ద వ్యవస్థే ఉంది. ఆండ్రాయిడ్‌ కింద ఉండేది లైనక్స్‌ కెర్నెల్‌. అందులో 2008 నుంచి రెగ్యులేటర్‌ ఫ్రేమ్‌వర్క్‌ అని ఒక భాగం ఉంది. లియామ్‌ గిర్డ్‌వుడ్‌, మార్క్‌ బ్రౌన్‌ దాన్ని మొదలుపెట్టినవాళ్లలో ముఖ్యులు. అది రెగ్యులేటర్‌కి నాలుగు మోడ్‌లు గుర్తిస్తుంది: ఫాస్ట్‌, నార్మల్‌, ఐడిల్‌, స్టాండ్‌బై. లోడు ఒక్కసారిగా మారిపోయే ప్రాసెసర్‌ లాంటివాటికి ఫాస్ట్‌. నిద్రలో కూడా జ్ఞాపకం పోకుండా మెమరీని సన్నగా పోషించడానికి స్టాండ్‌బై.

అందులో నాకు బాగా నచ్చేది ఇంకోటుంది. ఒకే రెగ్యులేటర్‌ మీద మూడు నాలుగు చిప్పులు బతుకుతుంటాయి. ప్రతిదాని డ్రైవరూ ‘నాకు ఇంత కరెంటు కావాలి’ అని ముందే చెప్పుకోవచ్చు. ఫ్రేమ్‌వర్క్‌ అవన్నీ కూడి, ఆ మొత్తానికి ఏ మోడ్‌ చాలో చూసి పెడుతుంది. పంటబోదె కింద రైతులందరూ తమ వంతు ముందే రాయించుకున్నట్టు. కెర్నెల్‌ కోడు ఎవరైనా తెరిచి చదవొచ్చు కాబట్టి అంకెలు కూడా చూడొచ్చు. క్వాల్‌కామ్‌ పీమిక్‌లకి సంబంధించిన ఫైలులో ఒక తరహా ఎల్‌డీవోకి 10 మిల్లీఆంపియర్లు, ఇంకో తరహాకి 30 అని రాసి ఉంటుంది. మొత్తం లోడు అక్కడికి చేరితే హై-పవర్‌ మోడ్‌కి మార్చాల్సిందే. అంత పెద్ద ఫోన్‌లో గీత 10 మిల్లీఆంపియర్ల దగ్గర ఉందంటే లో-పవర్‌ మోడ్‌ ఎంత సుకుమారమో చూడండి.

ఈ ఏర్పాటుకి ఒకటే బలహీనత. ఎవరైనా తన వంతు రాయించుకోకపోతే కూడిక తక్కువ వస్తుంది. కెర్నెల్‌ నమ్మకంగా లో-పవర్‌లో పెట్టేస్తుంది. అవతల మెమరీ కార్డు రాయబోయి చతికిలబడుతుంది. బయటికి అది కార్డు పాడైనట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు చాలా చిప్పుల్లో ఆటో మోడ్‌ వస్తోంది. లోడు ఎంతుందో చిప్పే కనిపెట్టి తనే మోడ్‌ మార్చుకుంటుంది. బక్‌ కన్వర్టర్లలో ఇది మామూలైపోయింది. లోడు ఎక్కువున్నప్పుడు స్విచ్చు ఒకే లయలో కొడుతుంది. తక్కువైతే కొన్ని దెబ్బలు మానేసి, వోల్టేజీ కాస్త జారినప్పుడు మాత్రమే ఒకటి వేస్తుంది. పొదుపు బాగుంటుంది, కానీ వోల్టేజీలో అలలు పెరుగుతాయి. దెబ్బల వేగం మనిషి చెవికి వినపడే స్థాయికి దిగితే సిరామిక్‌ కెపాసిటర్లు సన్నగా కూత పెడతాయి. వోల్టేజీ మారినప్పుడల్లా ఆ సిరామిక్‌ వెంట్రుకవాసి సాగి ముడుచుకుంటుంది. బోర్డు దానికి తప్పెటలా పనిచేస్తుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో కొన్ని ల్యాప్‌టాప్‌లు, ఛార్జర్లు ఏ పనీ లేనప్పుడే కీచుమంటాయి, గమనించారా? దయ్యం కాదు, పొదుపు.

మా డబ్బాలో ఆ అలలు ఇంకో రకంగా తగిలాయి. ఆటో మోడ్‌లో ఉంటే డీవో ప్రోబ్‌ రీడింగ్‌ 0.2 అటూ ఇటూ ఊగింది. గీత దగ్గర ఆ ఊగుడు వస్తే దొంగ అలారాలు. రాత్రి మూడింటికి ఊరికే లేపితే రైతు రెండోసారి ఆ డబ్బాని నమ్మడు. అందుకని కొలిచే రెండు సెకన్లూ బలవంతంగా ఒకే లయలో కొట్టిస్తాం. మిగతా వేళ దాని ఇష్టం.

కొత్త పీమిక్‌ ఏదొచ్చినా ఇప్పుడు మా బెంచీ మీద ఒక పరీక్ష ఉంది. డీబగ్గర్‌ ఉండదు, బ్యాటరీ మీదే. డబ్బాని గాఢనిద్రలోకి పంపి, మోడ్‌ మార్చమని చెప్పకుండానే ఒక్కసారిగా 120 మిల్లీఆంపియర్లు లాగి స్కోపుతో చూస్తాం. నాలుగు సెకన్లకొకసారి, పదివేల సార్లు. సాయంత్రం ఆరింటికి మొదలుపెడితే తెల్లారి ఐదింటికి అవుతుంది. గత నెల సరఫరాదారు తెచ్చిన ఒక చవక చిప్పు ఆరువేల మూడువందల పన్నెండో సారికి 2.6 దాకా జారింది. వద్దని పంపించేశాం.